ఇంట్ల ఎక్సర్‌సైజ్‌కి తక్కువ పైసలల్ల రెసిస్టెన్స్ బ్యాండ్ ఎట్ల చూసి కొనాలె

మా ఆఫీస్‌ల గాని మా అపార్ట్‌మెంట్‌ల గాని ఎవరన్న ఇంట్లనే ఎక్సర్‌సైజ్ షురూ చేస్తున్న అంటె రెండో మాట ఇదే అడుగుతరు, అక్కా ఏ బ్యాండ్ కొనాలె, ఎంత పెట్టాలె అని. బ్యాండ్ అంటె రెసిస్టెన్స్ బ్యాండ్, సాగదీసి గుంజుకుంట కండలకు పని చెప్పే రబ్బర్ పట్టీ. ఒక్కొక్కరికి ఫోన్ల చెప్పేకంటె ఒక్కసారి మొత్తం రాస్త అనుకున్న. జర పొడుగే ఉంటది, కాని పైసలు పెట్టే ముందు ఒక పావుగంట కూసొని చదవండి.

మాది హన్మకొండ, నయీంనగర్ దిక్కు. పొద్దుగాల్ల జేఎన్ఎస్ స్టేడియంలనో భద్రకాళి చెరువు బండ్ మీదనో నడిచేటోళ్లను చూస్తే మనసుకు మంచిగనిపిస్తది, కాని డబ్బాలు కట్టి పిల్లలను బస్ ఎక్కించి డ్యూటీకి ఉరికే ఇండ్లల్ల అది రోజు అయ్యే పని కాదు, పైంగ నడకతోని గుండెకు మంచిగైతది గాని చేతులు, భుజాలు, వీపు కండలకు పని దొరకదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020ల చెప్పిన లెక్క ప్రకారం పెద్దోళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు నడకలాంటిది చేసుకుంట, దానితోపాటు వారంల కనీసం 2 రోజులు ఒంట్లె పెద్ద కండలన్నిటికి బలం పని సుత పెట్టాలె. ఆ 2 రోజుల పనికి ఇంట్ల ఒక మూల, ఒక కిటికీ, రెండు మూడు మంచి బ్యాండ్లు ఉంటె మస్తు.

నేను బ్యాండ్ పట్టుకున్నది మా అమ్మ వల్ల. అమ్మకు షుగర్ ఉంది, కుడి భుజం పట్టేసి చెయ్యి వెనక్కి పోకపోయేది, జడ వేసుకోనీకి సుత నన్నే పిలిచేది. ఫిజియోథెరపీ మేడం కొన్ని రోజులు చేత్తోని చేయించి తర్వాత ఒక పసుపు రంగు రబ్బర్ పట్టీ చేతికిచ్చి, కిటికీకి కట్టి మెల్లగ గుంజు అమ్మా, నొప్పి వచ్చేకాడ ఆగు అన్నది. నాలుగైదు నెలలకు అమ్మ తన జడ తానే వేసుకున్నది. అది చూసి నేను గూడ చేస్త అని ఆన్‌లైన్‌ల బాగ తక్కువకొస్తున్నదని 11 వస్తువుల పెద్ద సెట్ ఒకటి తెప్పించిన, అది నాకు పనికి రాలే, రెండోసారి తెప్పించింది రెండో నెలల తెగింది. కంపెనీ పేరు ఇక్కడ రాయను, గసొంటివి మస్తు కంపెనీలు అమ్ముతున్నయి, అసలు తప్పు నేను ఏం చూడాల్నో తెల్వక కొనుడు. అందుకే వరుసగ చెప్త.

ముందుగాల ఏం పని చేస్తరో రాసుకోండి

ఒక కాయితం తీసుకోండి. ఒంటికి ఉండే పనులు గిన్నే: గుంజుడు, నూకుడు, మీదికెత్తుడు, కూసొని లేచుడు, నడుం దగ్గర వంగి లేచుడు. ఇందుల మీకు ఏది కావాలె, ఏది చేసేటప్పుడు కష్టమైతున్నది అని రాసుకోండి. మెట్లెక్కేటప్పుడు మోకాళ్లు గుంజుతున్నయా, రోజంత కంప్యూటర్ ముందల కూసొని మెడ వీపు పట్టేస్తున్నదా, గ్యాస్ సిలిండర్ జరపాలంటె నడుం భయమైతున్నదా. దీన్నిబట్టే ఏ రకం బ్యాండ్ అన్నది తేలుతది.

మార్కెట్ల దొరికేటివి ముఖ్యంగ ఐదు రకాలు. ఒకటి వెడల్పు పట్టీ, మా అమ్మకు ఇచ్చింది అదే, సుమారు 15 సెంటీమీటర్ల వెడల్పు, మీటరున్నర రెండు మీటర్ల పొడుగు, పల్చగ ఉంటది, హ్యాండిల్ ఉండదు. పెద్దవయసోళ్లకు, నొప్పులున్నోళ్లకు, అప్పుడే షురూ చేసేటోళ్లకు దీన్ని మించింది లేదు, ఎందుకంటె చేతికి చుట్టుకున్న కొద్దీ పొడుగు తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. రెండోది చిన్న రింగు లూప్, తొడలకు గాని మడిమల పైన గాని ఏసుకునేటిది, తుంటి కండలకు మంచిగుంటది. మూడోది అదే రింగు బట్టతోని కుట్టింది, ఇది తొడల మీద మడత పడదు, వెంట్రుకలు గుంజదు, కాని ఎక్కువ సాగదు కాబట్టి కాళ్ల పనికి తప్ప దేనికీ అక్కరకు రాదు. నాలుగోది హ్యాండిళ్లున్న ట్యూబ్, గుంజుడు నూకుడు రెండింటికి పట్టు మంచిగ దొరుకుతది. ఐదోది పొడుగు లూప్, పరిచి కొలిస్తె 41 అంగుళాలు అంటే 104 సెంటీమీటర్లు ఉంటది, సన్నంది 13 మిల్లీమీటర్ల నుంచి మందంది 64 మిల్లీమీటర్ల వెడల్పు దాక వస్తయి.

పోలీస్ ఈవెంట్స్‌కు తయారయ్యే పిల్లలు గ్రౌండ్‌ల నన్ను అడిగిండ్రు, మాకు ఏది అని. పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ ఉంటయి కదా, చిన్న లూప్ ఒకటి తుంటికి, సన్నటి పొడుగు లూప్ ఒకటి భుజం వార్మప్‌కు, ఇంక ఏం అక్కరలే తమ్మీ అన్న.

నా మాట అడిగితె, ఇంట్ల ఒక్కరే వాడుకునేటట్టైతె పొడుగు లూప్ రెండు, చిన్న లూప్ ఒకటి తీసుకోండి. ఇంటిల్లిపాది వాడాలంటె వెడల్పు పట్టీలు రెండు రంగులవి ముందు తెచ్చుకోండి. హ్యాండిళ్ల ట్యూబ్ సెట్ మంచిదే గాని అతుకులు ఎక్కువ, అతుకు ఎక్కువున్నకాడనే తెగుతది, దాని సంగతి కింద చెప్త.

రంగును నమ్మకండి, పౌండ్లను సగమే నమ్మండి

ఇది జర నిదానంగ చదవండి, ఎక్కువమంది మోసపోయేది ఇక్కడనే.

రబ్బర్‌కు డంబెల్ లెక్క ఒక్కటే బరువు ఉండదు. ఎంత సాగదీస్తె అంత గట్టిగ గుంజుతది. అందుకే బ్యాండ్ బరువు ఎంత అంటె, ఎంత సాగినప్పుడు ఎంత అని చెప్పాలె. ఫిజియోథెరపీల బాగ వాడే థెరాబ్యాండ్ కంపెనీ దీన్ని సాఫ్‌గ రాస్తది: పట్టీ దాని పొడుగుకు రెండింతలైనప్పుడు పసుపు 3 పౌండ్లు, ఎరుపు 3.7, ఆకుపచ్చ 4.6, నీలం 5.8, నలుపు 7.3 పౌండ్లు. కిలోలల్ల చూస్తే పసుపు 1.4 కిలోల లోపల, నలుపు 3.3 కిలోలు. గంతే. ఇప్పుడు ఆన్‌లైన్‌ల ఇంకో కంపెనీ ఎరుపు తెరిచి చూడండి, 30 పౌండ్లు అని ఉంటది. రెండూ ఎరుపే. ఒకటి పల్చటి పట్టీ, ఇంకోటి మందం ట్యూబ్, పైంగ ఒకరు రెండింతల సాగుడు దగ్గర చెప్తున్నరు, ఇంకొకరు మొత్తం సాగదీసినప్పుడు వచ్చే నంబర్ రాస్తున్నరు. కంపెనీలన్నిటికి కలిపి ఒక్క రంగుల లెక్క అంటూ లేదు, ఒక కంపెనీ లోపల వాళ్ల రంగుల వరుస మాత్రం సరిగ్గనే ఉంటది, అందుకే రెండోసారి కొన్నప్పుడు అదే కంపెనీది కొంటె హైరానా ఉండదు.

పౌండ్లను కిలోలు చెయ్యాలంటె సగం చేసి అందుల పదోవంతు తీసెయ్యండి, 20 పౌండ్లు అంటె 10, దాంట్లకెంచి 1 తీస్తే 9 కిలోలు. 150 పౌండ్ల సెట్ అని పెద్దగ రాస్తరు కదా, అది 10, 20, 30, 40, 50 పౌండ్ల ఐదు ట్యూబులు ఒకే హ్యాండిల్‌కు తగిలిచ్చి మొత్తం సాగదీస్తె వచ్చే లెక్క, 68 కిలోలు. మీరు నిలబడి గుంజితె అంత పొడుగు సాగనే సాగదు.

నేను ఇంట్ల కొలిచి చూసిన. లగేజ్ తూకం వేసే చిన్న డిజిటల్ కాటా ఉంటది కదా, హుక్కు పెట్టి ఎత్తేటిది, అది ఉన్నది మా ఇంట్ల. ట్యూబ్ ఒక కొస కిటికీ సలాకకు కట్టి, రెండో కొసకు కాటా తగిలిచ్చి, మామూలు పొడుగు ఎక్కడ ఆగుతదో బండల మీద చాక్‌పీస్‌తోని గీత కొట్టి, దానికి రెండింతల దూరంల ఇంకో గీత కొట్టి, అక్కడి దాక మెల్లగ గుంజి నంబర్ చూసిన. ఆ ట్యూబ్ మీద 30 పౌండ్లు అని ఉంది, అంటె 13 కిలోలకు పైన రావాలె కదా, ఐదున్నర కిలోలు చూపించింది. అబద్ధం రాసిండ్రని అనను, వాళ్లు ఎక్కువ సాగదీసి కొలిచి ఉండొచ్చు, కాని నా చేతికి అందేది ఐదున్నరనే.

కాటా లేకుంటె నీళ్లు ఉన్నయి. లీటర్ నీళ్లు ఒక కిలో. రెండు లీటర్ల బాటిల్ నింపి బ్యాండ్‌కు కట్టి వేలాడదీయండి, ఎంత సాగిందో టేప్‌తోని చూడండి, తర్వాత 5 లీటర్ల క్యాన్ కట్టి చూడండి. ఒక్కసారి చేస్తె మీ దగ్గరున్న బ్యాండ్ అసలు సంగతి తెలిసిపోతది, దాని మీద బాల్‌పెన్‌తోని రాసి పెట్టుకోండి.

ఇంకో లెక్క గుర్తుంచుకుంటె ఒక్క బ్యాండ్‌తోని మూడు బ్యాండ్ల పని చేసుకోవచ్చు. రెండు మీటర్ల పట్టీని మధ్యల పట్టుకొని మీటర్ ముక్కనే గుంజితె అదే దూరానికి దాదాపు రెండింతల గట్టిగ ఉంటది, సగానికి మడిచి రెండు పొరలు కలిపి గుంజితె ఇంకా చాలా గట్టిగైతది. అందుకని ఏడెనిమిది రంగులు ఉన్న సెట్ ఎవ్వరికి అవసరం లేదు.

మీకు ఎంత గట్టిది కావాలె

షాపుల చేతిల పట్టుకొని చూసి ఇది తేలిగ్గుంది అని పెద్దది కొంటరు, ముఖ్యంగ మగపిల్లలు. దయచేసి అట్ల చేయకండి. పద్ధతి ఇది: బ్యాండ్‌ను ఛాతీ ఎత్తులో పట్టుకొని మోచేతులు వెనక్కి పోయేటట్టు గుంజండి, ఒక్కసారి కాదు, 12 నుంచి 15 సార్లు. ఆఖరి రెండు మూడు కష్టమైతె అది మీ బ్యాండ్. 25 సార్లు ముచ్చట చెప్పుకుంట చేస్తున్నరంటె తేలిక. 8 కూడ పూర్తి కాకముందే భుజాలు చెవుల దాక లేస్తున్నయంటె గట్టిది, దాన్ని పక్కన పెట్టండి, మూడు నెలల తర్వాత కొందురు.

షాపుల అన్ని సార్లు చేయనిస్తరా అంటె, అడిగితె కొందరు చేయనిస్తరు, సిగ్గుపడకండి, పైసలు మీయి.

భుజానికి, కాళ్లకు ఒక్క బ్యాండ్ సరిపోదు. చెయ్యి పక్కకు ఎత్తేటప్పుడు కిలో కిలోన్నర కూడ బరువే, అదే మనిషి కూసొని లేచేటప్పుడు పది పదిహేను కిలోలు అదనంగ మోస్తడు. అందుకే కనీసం రెండు కావాలె, ఒకటి తేలిక, ఒకటి మధ్యరకం. గట్టిది తర్వాత సంగతి.

చేతుల పట్టుకొని చూసుడు

హన్మకొండ, వరంగల్ స్పోర్ట్స్ షాపులల్ల ట్యూబులు, లూపులు దొరుకుతయి, వెడల్పు పట్టీలకైతె ఎంజీఎం దవాఖాన దిక్కున్న సర్జికల్ షాపులల్ల అడగండి, కొన్ని చోట్ల రోల్ నుంచి మీటర్ లెక్కన కట్ చేసి ఇస్తరు, అట్లైతె డబ్బా, బ్యాగు, పోస్టర్ల ఖర్చు తప్పుతది. కరీంనగర్, జగిత్యాల దిక్కోళ్లు సుత ముందు ఫిజియోథెరపీ సామాన్లు అమ్మే కాడ అడిగి చూడండి.

చేతికి తీసుకున్నంక ఇవి చూడండి. బ్యాండ్‌ను జర సాగదీసి ట్యూబ్‌లైట్ దిక్కు పెట్టండి. మంచిదైతె రంగు అంతట ఒక్క తీరుగ పల్చనైతది. కొత్తదే అయినా అక్కడక్కడ తెల్లటి సన్న గీతలు, సూది మొన అంత చుక్కలు కనపడితె వద్దు. అంచుల మీద బొటనవేలు గోరు మెల్లగ జరుపుకుంట పోండి, చిన్న గాటు తగిలినా వద్దు, తెగుడు అక్కడికెంచే షురూ అయితది. రెండు కొసలు కలిపి పట్టుకొని మందం సమానంగ ఉందా చూడండి. జిగటగ వేళ్లకు అంటుకుంటున్నదంటె చాలా రోజులు గోదాంల పడి ఉన్న సరుకు. రబ్బర్ వాసన కొంచెం ఉంటది, అది రెండు రోజులు గాలికి పెడితె పోతది, కిరోసిన్ లెక్క ఘాటుగ తలనొప్పి వచ్చేటట్టుంటె పక్కన పెట్టండి.

పొడుగు లూప్ కొనేటప్పుడు అంచును దగ్గరగ చూడండి. కొన్నిటికి పుస్తకం పేజీల లెక్క పొరలు పొరలుగ కనిపిస్తది, అది లేటెక్స్, అంటె రబ్బర్ చెట్టు పాలతోని చేసిన రబ్బర్, పొరలు ఒకదాని మీద ఒకటి చుట్టి చేసింది. పాతగైతె ముందు ఒక పొర లేస్తది, అంటె మనకు చెప్పి పాడైతది. ఒక్కటే ముద్దగ అచ్చుపోసింది తక్కువకు వస్తది గాని అది చెప్పకుండ తెగే రకం. నేనైతె ఒక వంద ఎక్కువైనా పొరలదే తీసుకుంట.

ట్యూబ్‌కు ఒళ్లంత కంటే కొసలే ముఖ్యం. రెండోసారి నేను తెప్పించిన సెట్ తెగింది కొసకే. మా హాల్ల కిటికీకి తగిలిచ్చి గుంజుతున్న, పదకొండోదో పన్నెండోదో, టప్పున సప్పుడు, ట్యూబ్ వచ్చి మోచెయ్యి కింద కొట్టింది, బెల్టుతోని కొట్టినట్టు ఎర్రగ గీత లేచింది, రెండు వారాలు ఉన్నది. తర్వాత ముక్కను పట్టుకొని చూసిన. ట్యూబ్ లోపల ఒక చిన్న ప్లాస్టిక్ గుండు పెట్టి, దాని మీద ఇనుప మూత గట్టిగ నొక్కి ఉన్నది, ఆ మూత అంచు కత్తి లెక్క పదునుంది, రోజు గుంజిన కొద్దీ రబ్బర్‌ను కొంచెం కొంచెం కోసుకుంట వచ్చింది. కొన్నరోజు ఆ అంచు మీద వేలు పెట్టి తిప్పి ఉంటె తెలిసేది. మీరు తిప్పి చూడండి. హుక్కు మూతి పూర్తిగ మూసుకుంటున్నదా, హ్యాండిల్ పట్టీ కుట్టు రెండు వరుసలున్నదా, దారాలు లేచినయా, డోర్ యాంకర్ (బ్యాండ్ తగిలియ్యనీకి తలుపు సందుల ఇరికిచ్చే పట్టీ) కుట్టు గట్టిగున్నదా, ఇవి సుత.

చేతి గ్లవుజులు, బెలూన్లు ముట్టుకుంటె దురద, దద్దుర్లు వచ్చేటోళ్లు ఉంటరు, వాళ్లకు లేటెక్స్ పడదు. టీపీఈ (రబ్బర్ లెక్క సాగే ఒక రకం ప్లాస్టిక్) అని రాసున్నది, లేదా లేటెక్స్ లేనిది అని స్పష్టంగ ఉన్నది అడగండి. అది జర తక్కువ సాగుతది, దానికి ఒప్పుకోవాలె.

ప్యాకెట్ వెనక సుత చదవండి. తయారుచేసిన లేక బయటికెంచి తెచ్చిన కంపెనీ పేరు అడ్రస్, ఏ దేశంల తయారైంది, ఏ నెల ఏ సంవత్సరం, ఎంఆర్‌పీ, కస్టమర్ కేర్ నంబర్, ఇవి ప్యాకెట్ మీద ఉండాలె అన్నది 2011 లీగల్ మెట్రాలజీ ప్యాకెట్ సరుకుల రూల్స్. రబ్బర్‌కు వయసు ఉంటది కాబట్టి నెల, సంవత్సరం మాకు చాలా అవసరం, రెండు మూడేండ్ల కింది సరుకైతె డిస్కౌంట్ ఇచ్చినా నేను తీసుకోను.

ఆన్‌లైన్‌ల కొంటె

ఐదు స్టార్ల రివ్యూలు వస్తువు వచ్చిన రోజు రాసేటివి, వాటితోని మనకు లాభం లేదు. ఒకటి, రెండు స్టార్లవి తెరిచి, రెండు మూడు నెలలు వాడినంక రాసినోళ్లను ఏరుకొని చదవండి, ఎక్కడ తెగింది అన్న మాట ఒక్కటే చోట మళ్ల మళ్ల వస్తున్నదా చూడండి. ఫొటోలల్ల కొసలు దగ్గరికెంచి చూపించకుంటె అనుమానించండి. పార్సెల్ విప్పేటప్పుడు ఫోన్ ఆన్ చేసి వీడియో తీయండి, పైన చెప్పిన చెకింగ్ అదే రోజు చేయండి, వాపస్ టైం దాటనీయకండి. డబ్బులు వాపస్ ఇస్తలేరు, ఫోన్ ఎత్తుతలేరు అంటె 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

పైసల లెక్క

ధరలు మారుతుంటయి, నేను కొన్నప్పటి లెక్క చెప్త. వెడల్పు పట్టీ ఒకటి 250 దాక పడ్డది. చిన్న లూపుల ఐదింటి సెట్ 300 లోపల వచ్చింది, దాంట్ల నేను రోజు వాడేది రెండే. పొరల పొడుగు లూప్ సన్నది 400, దాని కంటె మందంది 650. అంటె మొత్తం 1600 లోపల నాకు, మా ఆయనకు, అమ్మకు అయిపోయింది, మూడేండ్ల నుంచి నడుస్తున్నది, పట్టీలు మాత్రం మార్చిన.

చేతిల 300 మాత్రమే ఉంటె వెడల్పు పట్టీ ఒకటి మధ్యరకంది కొనండి, అంతే. 11 వస్తువులు, 17 వస్తువులు అని నంబర్ చూపించే సెట్లల్ల బ్యాగు ఒకటి, పోస్టర్ ఒకటి, స్కిప్పింగ్ తాడు ఒకటి కలిపి లెక్క పెడ్తరు. ఆ పైసలు రబ్బర్ మీద పెట్టండి.

సైకిల్ ట్యూబ్ సంగతి సుత చాలామంది అడుగుతరు. మా చిన్నప్పుడు కాజీపేట దిక్కు షటిల్, వాలీబాల్ ఆడే అన్నలు పంక్చర్ షాపు కాడ పాత ట్యూబ్ తెచ్చి, వాల్వ్ ఉన్న ముక్క కోసేసి, చెట్టుకు కట్టి గుంజేటోళ్లు, వాళ్ల భుజాలు చూస్తే రాయి లెక్క ఉండేటివి. అది పని చేస్తది. కాని పాత ట్యూబ్ అంటె ఇదివరకే అతుకులు, గాట్లు ఉన్నది, సాగుడు తక్కువ, ఎంత గట్టిదో కొలత తెల్వదు. ఆరోగ్యంగున్న పడుచు పిల్లలు, నిలబడి వెనక్కి గుంజే పనికి, అతుకు లేని ముక్క వాడుకోవచ్చు. నొప్పులున్నోళ్లకు, పెద్దోళ్లకు వద్దే వద్దు.

ఇంట్ల ఎక్కడ తగిలియ్యాలె

కిటికీ సలాకలు మనిండ్లల్ల గట్టిగనే ఉంటయి, కాని మూలలు పదునుంటయి, ముందు పాత టవల్ చుట్టి దాని మీద బ్యాండ్ వేయండి. దర్వాజకు డోర్ యాంకర్ పెట్టేటట్టైతె ఇది మర్చిపోకండి: తలుపు మీ దిక్కు తెరుసుకునేటట్టు ఉంటె వద్దు. అవతలి దిక్కు తెరుసుకునే తలుపు కావాలె, అప్పుడు మీరు గుంజిన కొద్దీ తలుపు చౌకట్‌కు ఇంకా ఒత్తుకుంటది. కీలున్న దిక్కు పెట్టండి, గొళ్లెం వేయండి, ఇంట్లోళ్లకు చెప్పి షురూ చేయండి, ఎవరన్న అటు నుంచి తెరిస్తె యాంకర్ ఊడి బ్యాండ్ మీ ముఖం మీదికే వస్తది. ఫ్యాన్ కొక్కెం, నల్లా పైపు, గ్యాస్ పైపు, కూలర్ స్టాండ్, వీటికి ఎప్పుడూ కట్టకండి.

కాలి కింద వేసి గుంజేటప్పుడు పాదం మధ్యల ఉండాలె, వేళ్ల కింద ఉంటె జారి నేరుగ కంటికి తగుల్తది. ముఖం దిక్కు గుంజే పని ఏదైనా కొత్తల మానండి. దాని పొడుగుకు రెండున్నర మూడింతలు దాటి ఏ బ్యాండ్‌ను సాగదీయకండి.

మొదటి రెండు వారాలకు వారంల 2 రోజులు చాలు, మధ్యల రెండు రోజుల సందు ఇచ్చుకొని. నిలబడి గుంజుడు, గోడకు వీపు దిక్కు పెట్టి నూకుడు, బ్యాండ్ తొడలకు వేసి కుర్చీల కూసొని లేచుడు, ఒక్కొక్కటి 12 సార్లు, రెండు దఫాలు. గుంజేటప్పుడు రెండు లెక్క పెట్టండి, వదిలేటప్పుడు మూడు లెక్క పెట్టండి, టప్పున వదలొద్దు, వదిలేటప్పుడే కండకు సగం పని ఉంటది. ఊపిరి బిగబట్టకండి, బీపీ ఉన్నోళ్లు ముఖ్యంగ. షుగర్‌తోని పాదాలు తిమ్మిరున్నోళ్లు కాలికి గట్టిగ చుట్టకండి, బూట్లు వేసుకొని చేసి తర్వాత పాదం ఒకసారి చూసుకోండి. ఆపరేషన్ అయినోళ్లు, కొత్తగ కాన్పైనోళ్లు డాక్టర్‌ను అడిగినంకనే.

మన ఎండలల్ల దాచుడు

బ్యాండ్‌కు మన కాడ పెద్ద శత్రువు ఏప్రిల్, మే నెలలు. 44 డిగ్రీలు దాటే ఊరు మనది, స్లాబ్ కింది పై రూంల, రేకుల కింద, బయట ఎండల పెట్టిన స్కూటీ డిక్కీల రబ్బర్ ఉడికిపోతది. నా పట్టీ ఒకటి కిటికీ సలాకకే వదిలిపెట్టి ఎండాకాలం సెలవులకు ఊరికి పోయిన, వచ్చి చూస్తే ఎండ తగిలిన దిక్కు పసుపు రంగు గోధుమ రంగైంది, మడత పెడితె పాత చెప్పు అట్ట లెక్క సన్నగ పగుళ్లు కనపడ్డయి, నీడల ఉన్న మిగతా సగం మాత్రం కొత్త దాని లెక్కనే ఉన్నది.

అందుకే కింది రూంల, చీకటి అల్మారల, బట్ట సంచిల చుట్టి పెట్టండి. చెమటైతె ఉత్త నీళ్లతోని కడిగి నీడకు ఆరేయండి, సబ్బు సర్ఫ్ వద్దు. తలకు కొబ్బరినూనె పెట్టుకున్న చేతులతోని పట్టుకోకండి, నూనె తాకితె రబ్బర్ మెత్తబడి ఉబ్బుతది. ఆరినంక చిటికెడు టాల్కం పౌడర్ చల్లి రుద్దితె అంటుకోదు. గోర్లు, ఉంగరాలు, గాజులు చూసుకోండి, మా వదిన బంగారు గాజు కొసకు తగిలి కొత్త పట్టీ చీరింది.

కొన్న తేదీ కొసన రాసి పెట్టుకోండి. ప్రతిసారి షురూ చేసే ముందు ఒక్క నిమిషం వెలుతురుకు పెట్టి సాగదీసి చూడండి, గీతలు, పొర లేచుడు, రంగు మారుడు, ఇందుల ఏది కనపడ్డా ఆ రోజే ఆపండి. తెగిన దానికి ముడి వేసి మళ్ల వాడకండి, ముడి కాడ ఇంకా తొందరగ తెగుతది. పిల్లలు తీసుకొని ఒకరినొకరు గుంజుకోకుండ, కత్తెరతోని జానెడు జానెడు ముక్కలు చేసి చెత్త డబ్బల ఏసెయ్యండి.